హామీ వడ్డీ రైలు: ప్రజాధనం, ప్రైవేటు కంపెనీ, హైదరాబాద్ సంస్థానం (1870–1930)

రవాణా మార్గాల నిర్మాణానికి ప్రైవేటు కంపెనీ ప్రజాధనం పొందవచ్చునా అన్న ప్రశ్నకు మన రాజ్యాంగం ఇచ్చే సమాధానం చిన్నది. ప్రజా ప్రయోజనం కోసం గ్రాంటు ఇచ్చే అధికారాన్ని 282వ అధికరణం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ గ్రాంటు అందుకొనేది ప్రభుత్వ సంస్థే కావాలన్న నిబంధన అందులో లేదు. ప్రభుత్వం పూచీ పడడాన్ని 292, 293 అధికరణాలు అప్పు చేయడంతో కలిపి ప్రస్తావించి, దానికి చట్టసభ హద్దు విధించవచ్చునన్నాయి. చరిత్ర విద్యార్థికి ఈ రెండవ అంశమే ఎక్కువ ఆసక్తికరం. గ్రాంటు ఇచ్చిన ఏడాదే లెక్కల్లో కనిపిస్తుంది. పూచీ సంతకం చేసిన నాడు ఖర్చుగా కనిపించదు, చెల్లించవలసి వచ్చిన నాడే దాని బరువు తెలుస్తుంది. భారతదేశంలో రైలు మార్గాలు మొదలైంది ఈ పూచీ మీదనే.

ప్రైవేటు కంపెనీకి ప్రజాధనం ఇవ్వవచ్చునా, కూడదా అని సూత్రప్రాయంగా వాదించడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదని, ఏ షరతుల మీద ఇచ్చారు, ఆ షరతులను ఎవరు చూడగలిగారు, కంపెనీ తప్పుకొనేటప్పుడు ఎవరు ఎంత చెల్లించవలసి వచ్చింది అన్నవే అసలు ప్రశ్నలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ప్రధానంగా నిజాం హామీ రైల్వే కంపెనీ ఒప్పందాన్ని తీసుకొంటున్నాను. అంతకు ముందు ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

1849 నాటి నమూనా

1849 ఆగస్టు 17న ఈస్టిండియా కంపెనీ రెండు రైలు కంపెనీలతో ఒప్పందాలు చేసుకొంది. ఒకటి కలకత్తా నుంచి బయలుదేరవలసిన ఈస్టిండియన్ రైల్వే, రెండవది బొంబాయి నుంచి బయలుదేరవలసిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే. భూమిని 99 ఏళ్ల కౌలుకు ఉచితంగా ఇవ్వాలి. వాటాదారులు పెట్టిన మూలధనంపై ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడాలి. రాబడి అంతకు తగ్గితే లోటును ఖజానా పూడ్చాలి. రాబడి మించితే ఆ మిగులులో సగం, అంతకు ముందు ఖజానా పూడ్చిన మొత్తాన్ని తీర్చడానికి వెళ్లాలి. 25 ఏళ్ల తరువాత గానీ, 50 ఏళ్ల తరువాత గానీ మార్గాన్ని కొనుగోలు చేసే హక్కు ప్రభుత్వానిది. ఆరు నెలల ముందు తెలియజేసి మార్గాన్ని ప్రభుత్వానికి అప్పగించి, పెట్టిన మూలధనాన్ని తిరిగి తీసుకొనే హక్కు కంపెనీది.

ఈ చివరి షరతును చాలామంది పట్టించుకోరు. వడ్డీ హామీ వల్ల వాటాదారుడికి రాబడి నష్టం లేదు. అప్పగింత హక్కు వల్ల అసలుకూ నష్టం లేదు. సాహసం అన్నది ఇంకెక్కడ మిగిలింది? పేరుకు ప్రైవేటు వ్యాపారమైనా నష్టభయమంతా ప్రజలదేనని 1950లో డేనియల్ థార్నర్ తేల్చిన విషయం ఈ షరతుల్లో మొదటి నుంచీ ఉన్నదే.

హామీ లేకుండా పెట్టుబడి వచ్చేదా? వచ్చేది కాదనడానికి ఆధారం ఉంది. 1845లో మొదలైన ఈ రెండు కంపెనీలూ, 1847 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత లండన్‌లో మూలధనం పోగుచేయలేక 1849 వరకు నిలిచిపోయాయి. హామీ లభించాకే డబ్బు కదిలింది. కాబట్టి హామీ నిష్ప్రయోజనమనడం సరికాదు. అయితే దానికి చెల్లించిన మూల్యం ఎక్కువ. మైలుకు 8,000 పౌండ్లు అవుతుందన్న అంచనా ఆచరణలో రెట్టింపు దాటింది. ఖర్చు పెరిగిన కొద్దీ హామీ వడ్డీ కూడా పెరుగుతుంది గనుక, పొదుపు చేయవలసిన అవసరం కంపెనీకి లేకపోయింది. తాము ఇచ్చిన డబ్బు హుగ్లీ నదిలో పోసినా, ఇటుకలూ సున్నంగా మార్చినా పెట్టుబడిదారుకు ఒకటేనని, పూర్వం ఆర్థిక సభ్యుడుగా పనిచేసిన విలియం మాస్సీ 1872లో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. లాభం కంపెనీలకు, నష్టం ప్రభుత్వానికి అని వైస్రాయి లారెన్స్ అంతకు మూడేళ్ల ముందే రాశాడు. ఆ తరువాత పదేళ్ల పాటు ప్రభుత్వం సొంతంగా అప్పు చేసి మార్గాలు వేసింది. ఆ అప్పుకు కంపెనీలకు హామీ ఇచ్చిన దాని కంటే తక్కువ వడ్డీ సరిపోయింది. శతాబ్దాంతానికి రైళ్లపై ఖజానాకు వచ్చిన నష్టం సుమారు 4 కోట్ల పౌండ్లని రమేశ్ చంద్ర దత్తు లెక్క కట్టాడు.

తెలుగు జిల్లాలకు ఈ పద్ధతి రెండు దారుల్లో వచ్చింది. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా వరకు మొదటి మార్గాన్ని తెరిచిన మద్రాసు రైల్వే కంపెనీ, తన వాయవ్య శాఖను రేణిగుంట, కడప, గుత్తి మీదుగా నడిపి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిపింది. అదీ హామీ కంపెనీయే. ఇంచుమించు అదే కాలంలో తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా కాలువ తవ్వుతున్న మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి 10 లక్షల పౌండ్ల మూలధనంపై 5 శాతం హామీ ఉంది. నీటిపారుదలతో పాటు పడవల రాకపోకలకూ ఉద్దేశించిన ఆ కాలువే నేటి కె.సి. కెనాల్. రైళ్ల కంటే కాలువలు మేలని జీవితాంతం వాదించిన ఆర్థర్ కాటన్ దానికి గట్టి మద్దతుదారు. సొమ్ము చాలక ప్రభుత్వమే అప్పు ఇచ్చింది. నల్లరేగడి నేలల్లో మెట్ట పైర్లకు అలవాటుపడిన రైతులు కంపెనీ ఆశించినంతగా నీరు తీసుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. ఒకే కరువు జిల్లాలో ఖజానా పూచీతో ఒక ప్రైవేటు రైలు, ఒక ప్రైవేటు కాలువ పక్కపక్కనే నడిచాయన్న సంగతి మన ఆర్థిక చరిత్రకారుల దృష్టికి తగినంతగా రాలేదు. కాటన్ వాదాన్ని మెచ్చుకొనేవారు కూడా కాలువ విషయంలో అదే హామీ పద్ధతి అదే ఫలితాన్ని ఇచ్చిందని సాధారణంగా చెప్పరు.

హైదరాబాద్: సొంత రైలు నుంచి హామీ రైలుకు

హైదరాబాద్ సంస్థానంలో కథ తలకిందులుగా మొదలైంది. 1870లో బ్రిటిషు ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం వాడి జంక్షన్ నుంచి సికిందరాబాదు వరకు, దాదాపు 115 మైళ్లు, నిజాం ప్రభుత్వ ఖర్చుతో మార్గం పడింది. 1874 అక్టోబరులో రైళ్లు నడిచాయి. సికిందరాబాదు సైనిక స్థావరాన్ని బొంబాయి మార్గంతో కలపడం బ్రిటిషువారి అవసరం, డబ్బు నిజాముది. అయినా మార్గం సంస్థానం ఆస్తిగా ఉండిందన్నది గుర్తుంచుకోవాలి.

మార్గాన్ని తూర్పుగా వరంగల్ వైపు, అక్కడి నుంచి ఒక కొమ్మను బెజవాడకు, మరొకటి మధ్యపరగణాల్లోని చాందాకు పొడిగించాలన్న ఆలోచన బలపడింది. సింగరేణి బొగ్గు కూడా అప్పటికే వెలుగులోకి వచ్చి ఉంది. దీనికి సంస్థానం స్వయంగా అప్పు చేయడమా, లండన్‌లో కంపెనీ పెట్టించి హామీ ఇవ్వడమా అన్న మీమాంసలో రెండవ మార్గం నెగ్గింది. ఉన్న వాడి మార్గాన్ని కొత్త కంపెనీకి అమ్మడం, విస్తరణ పని కంపెనీ చేపట్టడం, కంపెనీ మూలధనంపై 20 ఏళ్ల పాటు 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం పూచీ పడడం ఈ పథకంలోని ముఖ్యాంశాలు. ప్రజల సొమ్ముతో వేసిన మార్గం ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లి, దాని కొనుగోలుకు కంపెనీ సేకరించిన డబ్బుపై కూడా ప్రజలే వడ్డీకి పూచీ పడే స్థితి ఏర్పడింది. సంస్థానానికి చేతిలోకి కొంత రొక్కం వచ్చిన మాట నిజమే. ఖజానా ఇబ్బందిలో ఉన్న ప్రభుత్వాలకు ఈ ఆకర్షణ ఎప్పుడూ ఉంటుంది.

ఆ 5 శాతం న్యాయమైన రేటేనా? 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వేకు భారత ప్రభుత్వం మొదటి ఏడేళ్లు 4 శాతం, ఆ తరువాత 3.5 శాతం హామీ మాత్రమే ఇచ్చింది. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు 4 శాతం. అంటే బ్రిటిషు ఇండియా వదిలివేసిన పాత రేటును హైదరాబాద్ కొత్తగా నెత్తికెత్తుకొంది. ఒక దేశీయ సంస్థానం పూచీని లండన్ మదుపరులు భారత ప్రభుత్వ పూచీతో సమానంగా చూడరు గనుక కొంత ఎక్కువ ఇవ్వక తప్పదని సమర్థించవచ్చు. ఆ వాదంలో పస లేకపోలేదు. కానీ మరొక భారం ఉంది. ఖజానాకు పన్నులు హాలీ సిక్కాలో వస్తాయి. దాని విలువ బ్రిటిషు రూపాయి కంటే తక్కువ. వాటాదారులకు వడ్డీ పౌండ్లలో ఇవ్వాలి. ఆ తరువాతి పదేళ్లలో వెండి ధర పడిపోయి, ఒకప్పుడు 22 పెన్నీలున్న బ్రిటిషు రూపాయే 1890ల మధ్యకు 13, 14 పెన్నీలకు దిగింది. ఒప్పందంలోని శాతం మారకపోయినా తెలంగాణ, మరాఠ్వాడా రైతు కట్టిన శిస్తులో రైలు వడ్డీకి పోయే భాగం పెరిగింది. 5 శాతం అన్న అంకె నిలకడగా కనబడుతుంది గనుకనే అది మోసపుచ్చుతుంది.

చాందా రైలు ఆందోళన

ఈ ఒప్పందం రూపుదిద్దుకొన్న కాలం విశేషమైనది. 1883 ఫిబ్రవరి 8న దివాన్ మొదటి సాలార్‌జంగ్ మరణించాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అప్పటికి మైనరు, ఆయనకు పాలనాధికారాలు దక్కింది 1884 ఫిబ్రవరిలో. ఈ రెండు తేదీల మధ్య, దివానూ లేని, పాలకుడూ పాలించని ఒక సంవత్సరంలో, రెండు దశాబ్దాల పాటు ఖజానాను కట్టివేసే హామీ ఖరారైంది. లండన్‌లో సంస్థానం పక్షాన సంప్రదింపులు జరిపినవాడు సర్దార్ అబ్దుల్ హఖ్.

దీనిని నగరంలో కొందరు చదువుకొన్నవారు ప్రశ్నించారు. నిజాం కళాశాల రూపుదిద్దుకోవడంలో ముఖ్యపాత్ర వహించిన రసాయనశాస్త్రజ్ఞుడు, సరోజినీ నాయుడు తండ్రి డాక్టర్ అఘోరనాథ ఛటోపాధ్యాయ వారిలో ప్రముఖుడు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం మరొకరు. వారు రైలు వద్దనలేదన్నది ఇక్కడ ముఖ్యం. పథకం వివరాలు బయటపెట్టాలని, వాటిని ప్రజలు చర్చించే వరకు నిర్ణయం ఆపాలని అడిగారు. అందుకు ప్రతిఫలంగా 1883 మే నెలలో అఘోరనాథుడిని ఉద్యోగం నుంచి తప్పించి సంస్థానం నుంచి బహిష్కరించారు. తరువాత ఆయన తిరిగి రాగలిగాడు గాని, ఒప్పందం మాత్రం ఆగలేదు.

హైదరాబాద్ రాజకీయ చైతన్య చరిత్ర రాసినవారందరూ చాందా ఆందోళనను తొలి ప్రజా ఉద్యమంగా ఒక వాక్యంలోనో, ఒక పేరాలోనో పేర్కొంటారు. అది ఒక రైలు మార్గంపై స్థానిక అసంతృప్తిగా మిగిలిపోతుంది. దాని సారాంశం అంతకు మించినదని నా అభిప్రాయం. ఖజానా పూచీ పడుతున్న పత్రాన్ని ఆ ఖజానా నింపేవాడు చూడవచ్చునా? పరిమిత అర్థంలోనైనా ఇది బాధ్యతాయుత ప్రభుత్వం కోసం చేసిన కోరికే. శాసనసభ లేని చోట, బడ్జెట్టు చర్చ లేని చోట, ఒక రైలు ఒప్పందం ఆ కోరికకు సందర్భమైంది. పాలకులు కూడా దానిని అలాగే అర్థం చేసుకొన్నారని బహిష్కరణ అనే శిక్ష తీవ్రతే చెబుతుంది. కేవలం మార్గం ఎటు పోవాలన్న వివాదానికి ఎవరినీ సరిహద్దు దాటించరు. ఇంతకూ ఏ ఊరి పేరుతో ఆందోళన జరిగిందో ఆ చాందా వైపు, కాజీపేట నుంచి బల్లార్షా వరకు మార్గం పూర్తయ్యేసరికి 1920ల చివర వచ్చింది.

ఆనాడు పత్రాలు బయటపెట్టి ఉంటే ఒప్పందం మెరుగుపడేదని నిరూపించలేం. అయితే చూపకపోవడం వల్ల ఏమి జరగవచ్చునో తెలపడానికి దగ్గరలోనే ఉదాహరణ ఉంది. రైలు బేరంలో నలిగిన అబ్దుల్ హఖే సంస్థానపు గనుల హక్కుల బేరంలోనూ ప్రధాన పాత్రధారి. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ మూలధనం కాగితంపై 10 లక్షల పౌండ్లు. 10 పౌండ్ల వాటాలు లక్ష. వాటిలో 85,000 వాటాలు, హక్కులు సంపాదించిన వ్యక్తులకు డబ్బు కట్టకుండానే పూర్తి చెల్లింపు వాటాలుగా దక్కాయి. అదే కంపెనీ వాటాలను నిజాం ప్రభుత్వం చేత అధిక ధరకు కొనిపించారన్న వ్యవహారం 1888లో బయటపడి అబ్దుల్ హఖ్ పదవి పోగొట్టుకొన్నాడు. బ్రిటిషు కామన్స్ సభ విచారణకు ఒక సంఘాన్ని వేసింది. హైదరాబాద్ ప్రజలు అడిగినప్పుడు దొరకని వివరాలు, లండన్‌లో వాటాల ధరలపై గోల పుట్టినప్పుడు దొరికాయి.

మార్గం వల్ల కలిగిన లాభం, మార్గాన్ని కొన్న వెల

కంపెనీ 1885లో వాడి మార్గాన్ని స్వాధీనం చేసుకొంది. వరంగల్‌కు 1886లో, బెజవాడకు 1889లో రైలు చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు గనులకు కొమ్మ వేశారు. సింగరేణి బొగ్గు దక్షిణాది రైళ్లకు ఇంధనమైంది. కాజీపేట, డోర్నకల్ వంటి పల్లెలు జంక్షన్లయ్యాయి. కృష్ణా డెల్టాకూ తెలంగాణకూ మధ్య మనుషులు, ధాన్యం, పత్రికలు, పుస్తకాలు కదిలిన దారి అదే. ఆంధ్రోద్యమ చరిత్రలో బెజవాడ, హైదరాబాద్ సాహితీపరుల రాకపోకలు ఈ పట్టాలు లేకుండా ఊహించలేం. 1901 నాటికి గోదావరి లోయ మార్గం మన్మాడు దాకా పూర్తయింది. ఇది చిన్న ప్రయోజనం కాదు. హామీ విధానాన్ని విమర్శించే వ్యాసాలు తరచు ఈ సంగతిని దాటవేస్తాయి. అలా దాటవేయడం వల్ల విమర్శ బలపడదు.

చిక్కు అంతా నియంత్రణలో వచ్చింది. పూచీ హైదరాబాద్‌ది. కంపెనీ బోర్డు లండన్‌ది. రేట్లు, కొనుగోళ్లు, ఉన్నతోద్యోగాలు అక్కడి నిర్ణయాలు. 1920–21లో ఆక్వర్త్ సంఘం బ్రిటిషు ఇండియాలో ప్రభుత్వ యాజమాన్యాన్ని సిఫార్సు చేసిన తరువాత, 1925లో ఈస్టిండియన్ రైల్వే, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చాయి. మద్రాసు రైల్వే సంగతి 1907లోనే తేలిపోయింది. ప్రభుత్వం దానిని కొని, 1908 నుంచి నిర్వహణను మాత్రం మరో కంపెనీకి అప్పగించింది. హైదరాబాద్ వంతు 1930 ఏప్రిల్ 1న వచ్చింది. అక్బర్ హైదరీ ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న కాలంలో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి మార్గాలను కొనుగోలు చేసింది. వాటిలో వాడి – సికిందరాబాదు మార్గం కూడా ఉంది. 1874లో సొంత సొమ్ముతో వేసి, 1885లో అమ్మి, వడ్డీకి పూచీ పడి, 1930లో మళ్లీ వెల ఇచ్చి తెచ్చుకొన్న 115 మైళ్లు అవి.

కొనుగోలు తరువాత ఏమి జరిగిందన్నది మరీ ఆసక్తికరం. రెండేళ్లకు, 1932లో, ఆ ప్రభుత్వ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించింది. రైలుకు పోటీగా ప్రైవేటు బస్సులు పెరుగుతున్న కాలంలో రైలూ బస్సూ ఒకే యాజమాన్యంలో నడపడం దేశంలో అరుదైన ప్రయోగం. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు మూలం అక్కడ ఉంది. లండన్ బోర్డు ఉండగా ఈ ప్రయోగం జరిగేదా అన్నది సందేహమే.

అదే నగరంలో మరో ఒప్పందం

స్వతంత్ర భారతంలో హామీ వడ్డీ పోయి దాని స్థానంలో వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అనే లోటు భర్తీ గ్రాంటు వచ్చింది. ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం 20 శాతం వరకు, అవసరమైతే రాష్ట్రం మరో 20 శాతం వరకు ఇవ్వవచ్చు. అందరి కంటే తక్కువ గ్రాంటు అడిగిన కంపెనీకి పని దక్కుతుంది. మొత్తం ముందే తెలుస్తుంది, ఏటేటా పెరగదు. 1849 నాటి పద్ధతితో పోలిస్తే ఇది నిస్సందేహంగా మెరుగైనది.

హైదరాబాద్ మెట్రో విషయంలో 2008లో టెండరు గెలిచిన మేటాస్ బృందం గ్రాంటు అడగలేదు సరికదా, ప్రభుత్వానికే 30,311 కోట్ల రూపాయలు ఇస్తానంది. రైలు పేరుతో దక్కే భూమి మీదనే ఈ లెక్క ఆధారపడి ఉందని, ఇది పెద్ద కుంభకోణానికి దారితీయవచ్చునని ఢిల్లీ మెట్రో సారథి ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి రాశారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆ లేఖపై స్పందించిన తీరు పరువునష్టం దావా బెదిరింపు. 2009 జనవరిలో సత్యం వ్యవహారం బయటపడ్డాక మేటాస్ పెట్టుబడి కూడగట్టలేకపోయింది. ఆ జూలైలో ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి తో కుదిరిన ఒప్పందంలో గ్రాంటు 1,458 కోట్లు, అప్పటి అంచనా ఖర్చు 12,132 కోట్లలో 12 శాతం. అనుమతించిన 40 శాతంతో పోలిస్తే ఇది చాలా తక్కువ గనుక అప్పట్లో మంచి బేరంగా ప్రశంస పొందింది. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. ఖర్చు పెరిగింది, భూముల మీద అనుకొన్న ఆదాయం అనుకొన్నంత రాలేదు, కొవిడ్ కాలంలో ప్రయాణికులు పోయారు, అప్పు పేరుకుంది.

2025 సెప్టెంబరులో కంపెనీ తప్పుకోవడానికి, తెలంగాణ ప్రభుత్వం మార్గాన్ని స్వాధీనం చేసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. దాని ప్రకారం ప్రభుత్వం తన మీద వేసుకొనే అప్పు సుమారు 13,000 కోట్లు, వాటాకు ఇచ్చేది సుమారు 2,000 కోట్లు. 2010లో పత్రికల పతాక శీర్షికల్లో నిలిచిన గ్రాంటుకు ఇది పది రెట్లు. పేరుకు హామీ లేని ఒప్పందంలోనూ నగరానికి ఆగకూడని రైలు ఉన్నప్పుడు, హామీ అన్న మాట కాగితం మీద లేకపోయినా వాస్తవంలో ఉంటుంది. ఆ మొత్తాన్ని ప్రాజెక్టు ఆమోదం నాడు ఏ పద్దు కింద చూపాలన్నది మన ప్రభుత్వ లెక్కల విధానం ఇంకా తేల్చవలసిన విషయం.